పసుప్పచ్చ ముక్క

"అన్నీ దించు. ఒక్క డబ్బా కూడా పైన మిగలకూడదు."

వదిన చేతులకు ల్యాబ్ నుంచి తెచ్చుకున్న రబ్బరు గ్లౌజులున్నాయి. వంటింటి గట్టు మీద పాత పేపరు పరిచి, ఒక్కొక్క డబ్బా మూత తీసి, వాసన చూసి, పక్కకు జరుపుతోంది. రోజూ రక్తపు చుక్కలో జబ్బు వెతికే మనిషి, ఇవాళ చక్కెర డబ్బాలో వెతుకుతోంది.

అద్దాలత్త స్టూలు మీద నిలబడి పై అరలోని సామాను అందిస్తోంది. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. మేనకోడలు మాటలు నేర్చే రోజుల్లో పెట్టిన ఆ పేరు ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. నిన్న సాయంత్రం నుంచి మాత్రం వదిన నోటి వెంట ఆ పేరు రాలేదు.

నిన్న సాయంత్రమే మేనకోడల్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. తొమ్మిదేళ్ల పిల్ల. ఒకచోట కాలు నిలవదని మిడత అంటారు. మూడు రోజులు సెలైన్లు ఎక్కాక ఆ మిడత ఇప్పుడు లోపలి గదిలో మంచానికి అతుక్కుపోయి ఉంది. గోధుమ ఆ పిల్లకి పడదు. పడదంటే దద్దుర్లు లేచి తగ్గిపోయే సంగతి కాదు. గోధుమలో ఉండే గ్లూటెన్ రవ్వంత కడుపులోకి వెళ్లినా పేగులు పుండవుతాయి.

"ఇదేనా ఆ పిండి?"

వదిన చేతిలో తెల్లటి ప్యాకెట్ ఉంది. జిగురు బియ్యప్పిండి.

"అదే. సగం నువ్వు పరీక్షకి తీసుకెళ్లావుగా వదినా."

"తీసుకెళ్లాను. పేరులోనే జిగురని ఉంటే నా గుండె గుభేలుమంది. పైన ఇంగ్లీషులో గ్లూటినస్ అని కూడా రాసి ఉంది."

"అది బియ్యమే వదినా. ఉడికితే అంటుకుంటుందని ఆ పేరు. గోధుమకీ దానికీ సంబంధం లేదని కొన్ననాడే చెప్పాను."

"తెలుసు. ఫలితం వచ్చింది." వదిన ప్యాకెట్‌ని గట్టు మీద పెట్టింది. "పిండిలో ఏమీ లేదు. గ్రీన్ టీ పొడిలోనూ లేదు. పాలు, వెన్న, గుడ్లు అందరం తిన్నవే."

అద్దాలత్తకి ఊపిరి ఆడినట్టయింది. స్టూలు దిగింది. "చూశావా? నేను చెప్పలా?"

"అందుకే నాకు ఇంకా భయమేస్తోంది." వదిన గ్లౌజులు ఊడదీసింది. "పిండి మంచిదైతే మరి ఎక్కణ్నుంచి వచ్చింది? ఆరోజు మిడత నువ్వు చేసిన వాఫిల్ తప్ప బయటిది ముట్టలేదు. రెండు గంటల్లో వాంతులు మొదలయ్యాయి. ఇక మిగిలింది నీ చెయ్యి."

"మూడుసార్లు సబ్బుతో కడుక్కుంటాను. నువ్వే చూస్తావుగా."

"నేను చూసినప్పుడు కడుక్కుంటావు. షాపులో బ్రెడ్డు తిని వస్తావు. ఆ కొంగుకో, సంచికో ఏదో అంటుకుని ఉంటుంది. నువ్వు కావాలని చేశావని నేననట్లేదు. అట్లా అంటే నా నోరు పడిపోతుంది. అజాగ్రత్త అంటున్నాను, అంతే."

అద్దాలత్త స్టూలుని గోడవారకి జరిపింది.

ఫ్రిజ్ పక్కన అన్నయ్య నిలబడి ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎన్నో అంతస్తులో చీకటి గొయ్యి మీద వేలాడుతూ పనిచేసినా చెయ్యి వణకదంటారు. ఇప్పుడు గ్లాసులో నీళ్లు తాగుతూ గ్లాసు అడుగు చూస్తున్నాడు. నీళ్లు ఎప్పుడో అయిపోయాయి.

"ఏవండీ, మీరూ ఒక మాట అనండి."

"నేనేమంటాను... నువ్వే చూస్తున్నావుగా."

"అన్నీ నేనే చూస్తాను. సరే, అయితే నేనే అంటాను." వదిన ఆడపడుచు వైపు తిరిగింది. "నువ్వు ఇంకెక్కడైనా ఉండు. కోపంతో చెప్పట్లేదు. అది స్కూల్లో ఉన్నప్పుడు ఎట్లాగూ భయపడే చస్తున్నాను. ఇంట్లో అయినా నిబ్బరంగా ఉండనీ."

మూడేళ్ల కిందట, అద్దెకున్న బిల్డింగు కూల్చేస్తున్నారని ఒక్క నెల ఉండడానికి వచ్చింది అద్దాలత్త. ఆ నెల ఇంకా అయిపోలేదని ఇంట్లో అందరూ నవ్వుకునేవారు. ఇవాళ అయిపోయింది.

"అత్తా!" లోపలి గదిలోంచి నీరసంగా గొంతు వచ్చింది. "నాకు సాగే వాఫిల్ కావాలి."



కాసేపటికి వదిన మిడత రక్తపరీక్ష రిపోర్టులు తెచ్చుకోవడానికి ల్యాబ్‌కి వెళ్లింది. పిల్ల మళ్లీ నిద్రలోకి జారుకుంది. అద్దాలత్త సర్దుకోవడం బట్టలతో మొదలుపెట్టలేకపోయింది. ముందు వాఫిల్ మిషను దించింది.

అది మిడత కోసమే కొన్నది. జబ్బు బయటపడ్డాక ఆ పిల్ల అన్నం తప్ప ఇంకేదీ నోట పెట్టేది కాదు. తోటి పిల్లల డబ్బాల్లో ఉండేవి తనకి లేవని ఏడ్చేది. అద్దాలత్త ఎక్కడో చదివి, జిగురు బియ్యప్పిండిలో గ్రీన్ టీ పొడి కలిపి, పైన కరకరలాడుతూ లోపల సాగే వాఫిల్ చేసి పెట్టింది. పంటితో కొరికి లాగితే జానెడు సాగింది. ఆ రోజు మిడత నవ్విన నవ్వుకి వదిన గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత మిషను మూత మీద ఎర్ర టేపు అతికించి, దాని మీద 'మిడతది మాత్రమే' అని రాసింది కూడా వదినే.

వెళ్లేముందు శుభ్రంగా అప్పజెప్పాలిగా. అద్దాలత్త పలకలు విప్పింది. గళ్ల సందుల్లో బ్రష్షు పెట్టి తోమింది. అక్కడక్కడ నల్లబడ్డ ఆకుపచ్చ పొట్టు రాలింది. వెనకవైపు, రెండు పలకలూ కలిసే కీలు దగ్గర బ్రష్షు దూరని చిన్న గాడి ఉంది. సంచిలోంచి షాపు పట్టకారు తీసింది. కంటికి భూతద్దం బిగించింది. చిన్న ఫ్రేముల మరలు చూసే కళ్లవి.

గాడిలోంచి గోరంత ముక్క బయటికొచ్చింది.

అంచులు మాడి గోధుమరంగులో ఉన్నాయి. విరిస్తే లోపల పసుప్పచ్చగా ఉంది. దూదిలా, గుల్లగా ఉంది. జిగురు పిండి ఎండితే గాజులా గట్టిపడుతుంది. ఇది వేళ్ల మధ్య పొడిపొడి అయిపోయింది.

ఐదు నెలలుగా ఈ మిషన్లో ఆకుపచ్చ పిండి తప్ప ఇంకోటి తను పోయలేదు.

ఆమెకు మొదట కలిగింది సంతోషమే. నా చెయ్యి కాదు! ఆ వెంటనే ఆ సంతోషం ఆగిపోయింది. తను కాకపోతే మరి ఎవరు? ఈ ఇంట్లో మిడత కాక ముగ్గురే మనుషులు. వదిన అయితే ఆ ఎర్ర టేపు దాటదు.

తల ఎత్తేసరికి అన్నయ్య గుమ్మంలో ఉన్నాడు. అతని చూపు ఆమె ముఖం మీద లేదు. పట్టకారు మీద ఉంది.

"దీంట్లో ఏం పోశావు అన్నయ్యా?"

అతను బుకాయించలేదు. వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "తుడిచాను," అన్నాడు.

"దేంతో?"

"గుడ్డతో. బాగానే తుడిచాను. రెండుసార్లు."

"గుడ్డతో!"

"ఆకలేసింది. తెల్లారుజాము డ్యూటీ చేసొచ్చా. మీ వదిన పనికెళ్లిపోయింది. నువ్వు స్నానానికెళ్లావు. షాపులో అమ్ముతారుగా, నీళ్లు కలిపి పోసేసే గోధుమపిండి వాఫిల్ ప్యాకెట్, అది నా సంచిలో ఉంది. రెండంటే రెండే చేసుకున్నా. తర్వాత నువ్వొచ్చి పిల్లకి చేస్తావని నాకు తట్టలేదు."

"ఐదు నెలలుగా దానికే చేస్తున్నాను. ఇంకెవరికి చేస్తాననుకున్నావు?"

"తట్టలేదు అంటున్నాగా!"

గొంతు పెరిగింది. ఇద్దరూ లోపలి గది వైపు చూశారు. పిల్ల కదల్లేదు.

"ఆస్పత్రిలో ఎందుకు చెప్పలేదు?" అద్దాలత్త గుసగుసగా అడిగింది. "నిన్నటి నుంచి నన్ను దోషిలా నిలబెట్టి మాట్లాడుతుంటే గోడకి చేరి వింటూ నిలబడ్డావే."

"మొన్న కేకు సంగతి మర్చిపోయావా?"

మర్చిపోలేదు. రెండు నెలల కిందట ఎవరింట్లోనో విందుకి వెళ్లినప్పుడు, పిల్ల బిక్కముఖం చూడలేక, ఒక్క ముక్కే కదా అని మిడత నోట్లో కేకు పెట్టాడు అన్నయ్య. ఆ వారం వదిన ఏడవలేదు, అరవలేదు. ఒకే ఒక మాట అంది. ఇంకొక్కసారి మీ వల్ల దానికి ఇలా అయితే నా పిల్లని తీసుకుని నేను వెళ్లిపోతాను.

"మీ వదిన అన్న మాట చేస్తుంది. నీకు తెలుసుగా." అన్నయ్య రెండు చేతులూ ముఖం మీద పెట్టుకున్నాడు. "నీ మీద దానికి కోపం ఆరు నెలలుంటుంది, పోతుంది. నా మీదైతే పోదు. ఇల్లు రెండు ముక్కలవుతుంది. నువ్వైతే ఎలాగూ..."

"ఎలాగూ ఏంటి?"

అతను కుర్చీ అంచు గోటితో గీరాడు.

"ఎలాగూ ఏంటి అన్నయ్యా? పూర్తి చెయ్యి."

"ఎలాగూ ఒకరోజు నీ దారి నువ్వు చూసుకోవాల్సిందేగా."

అద్దాలత్త పట్టకారుని బల్ల మీద పెట్టింది. చిన్నప్పుడు తను పగలగొట్టిన అద్దానికి తన్నులు తిన్నది ఈ అన్నయ్యే. నేనే పగలగొట్టానని నాన్న ముందు నిక్కచ్చిగా నిలబడ్డాడు. ఆ పిల్లాడు ఏమయ్యాడో.

"నేను చెప్పను," అంది చివరికి. "నువ్వే చెప్పాలి. ఇవాళే చెప్పాలి. నువ్వు చెప్పకుండా నేను ఈ గడప దాటితే, మళ్లీ నీ ముఖం చూడను."

"చెప్తాను."

"ఒట్టు వెయ్యి."

"చెప్తానన్నాగా."

గోడ గడియారంలో పదైంది. ఆ ముక్కని ఆమె కాగితంలో మడిచి, కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది. ఎందుకు దాస్తోందో తనకే తెలియదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మిడత గోడకి ఆనుకుని కూచుని పెరుగన్నం నాలుగు ముద్దలు తింది. వదిన ముఖం పొద్దుటికంటే తేటగా ఉంది. రిపోర్టులు కుదుటపడుతున్నాయట.

"మా ల్యాబ్‌లో ఒకావిడ ఇంట్లో మేడ మీద గది ఖాళీగా ఉందట," అంది ఆడపడుచు కంచంలో కూర వేస్తూ. "గాలీ వెలుతురూ బాగుంటాయి. నీ షాపుకి నడిచే దూరం. నేనే వచ్చి సర్దిపెడతాను. పరాయిదానిలా పంపిస్తున్నానని అనుకోకు."

"అనుకోను వదినా."

"నిన్న నీతో గట్టిగా మాట్లాడాను. ఆస్పత్రిలో దాని చెయ్యి పట్టుకుని కూచుంటే ఎవర్నో ఒకర్ని తిట్టాలనిపించింది. నువ్వు దొరికావు."

ఇంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది అద్దాలత్తకి. బల్లకి అటువైపు చూసింది. ఇప్పుడు చెప్పు. ఇంతకంటే మంచి సమయం నీకు దొరకదు.

అన్నయ్య నీళ్ల గ్లాసు అందుకోబోయి ఒలకబోశాడు. గుడ్డ తెచ్చి తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"ఏవైందండీ మీకు?"

"ఏం లేదు. కాస్త బయట తిరిగొస్తాను. తల పట్టేసినట్టుంది."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అద్దాలత్త తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది. మూడు నిమిషాల్లో తిరిగొస్తాడనుకుంది. గంట గడిచింది. రెండో గంటా గడిచింది. వదిన మంచం దుప్పట్లు మార్చింది, మందులు డబ్బాలో సర్దింది, రెండుసార్లు వచ్చి "ఏంటి అట్లా ఉన్నావు, ఒంట్లో బాలేదా?" అని అడిగింది. రెండుసార్లూ అద్దాలత్త తల అడ్డంగా ఊపింది.

నాలుగు కావస్తుండగా మిడత గోడ పట్టుకుని నడుచుకుంటూ వంటింటికి వచ్చింది.

"అమ్మా, అత్త వెళ్లిపోతోందటగా. వెళ్లేముందు నాకు వాఫిల్ చేసిపెట్టమను."

అద్దాలత్త వదిన వైపు చూడలేదు. వదిన కూతురి ముఖం చూసింది. ఇన్ని రోజుల్లో అది నోరు తెరిచి అడిగిన తిండి ఇదొక్కటే.

"సరే," అంది. "నా కళ్ల ముందు చెయ్యాలి. పిండి ఆ పరీక్ష చేసినదే వాడాలి. గిన్నె నేను కడిగి ఇస్తాను."

వదిన గిన్నె కడిగి, వేడినీళ్లు పోసి, మళ్లీ కడిగింది. అద్దాలత్త చేతులు మోచేతుల దాకా రుద్దుకుంది. గ్రీన్ టీ పొడి ఉండలు కట్టకుండా జల్లెడ పట్టింది. జిగురు పిండి, చక్కెర, చిటికెడు ఉప్పు, బేకింగ్ పౌడర్ కలిపింది. గుడ్డు, పాలు, కరిగిన వెన్న వేరే గిన్నెలో గిలకొట్టి అందులో పోసింది. చెంచా తిప్పుతుంటే పిండి మొదట ముద్దగా లాగి, తర్వాత పట్టులా జారింది.

"ఎంతసేపైనా తిప్పొచ్చా అత్తా?"

"తిప్పొచ్చు. గోధుమ పిండైతే ఎక్కువ తిప్పితే పాడైపోతుంది. దీనికి ఆ బాధ లేదు."

"ఇక మిషను పెట్టు," అంది వదిన.

అద్దాలత్త చెయ్యి ఆగింది. "దాంట్లో వద్దు వదినా. కొత్త పెనం ఉందిగా, దాని మీద పోస్తాను."

"అదేం? మిషను దానిదేగా."

"కీలు... కీలు వదులైంది. సరిగా మూసుకోవట్లేదు."

వదిన ఒకసారి మిషను వైపు చూసింది. పెనం తీసి పొయ్యి మీద పెట్టింది. అద్దాలత్త గరిటెడు పిండి పోసింది. ఆకుపచ్చటి వృత్తం మెల్లగా పరుచుకుంది. వెన్న వాసన, దాని వెనకే పచ్చిగడ్డి కోసినప్పటి వాసన వంటిల్లంతా అలుముకున్నాయి.

మిడత మునివేళ్ల మీద లేచి చూసి పెదవి విరిచింది. "గళ్లు లేకపోతే అది వాఫిలేంటి? పైగా పొంగట్లేదు కూడా. నాన్న పోస్తే ఇంతెత్తున పొంగింది."

అద్దాలత్త గరిటెని పిండి గిన్నెలోనే వదిలేసింది.

"పసుప్పచ్చగా, మెత్తగా," అంటూ మిడత చేతులతో చూపించింది. "నీది మాత్రం ఎప్పుడూ పొంగదు అత్తా. ఎందుకని?"

పెనం మీద పిండి సన్నగా చిటపటలాడుతోంది. వదిన కూతురి ముందు మోకాళ్ల మీద కూచుంది. గొంతు మెత్తగానే ఉంది.

"నాన్న ఎప్పుడు పోసుకున్నారమ్మా?"

"నాకు కడుపునొప్పి వచ్చిన రోజు పొద్దున. నేను తినలేదమ్మా, నిజంగా! ఊరికే చూశానంతే. నాన్న కూడా నీకు పెట్టను, నీకు పడదు అన్నారు."

"మంచిదాన్నివి. నువ్వు తినలేదని నాకు తెలుసు. వెళ్లి కుర్చీలో కూచో, నిలబడితే కళ్లు తిరుగుతాయి."

పిల్ల వెళ్లాక వదిన లేచింది. మిషను దగ్గరికి వెళ్లి మూత ఎత్తింది. కీలు పట్టుకుని రెండుసార్లు తెరిచి మూసింది. బిగుతుగా, చక్కగా మూసుకుంది.

"నీకు తెలుసు," అంది.

అద్దాలత్త తల దించుకుంది.

"ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున. పదింటికి."

వదిన గడియారం చూసింది. "ఆరు గంటలు. ఆరు గంటలు నా పక్కనే తిరిగావు. నీకు గది వెతికిపెట్టానని నేను చెప్తుంటే అన్నం తింటూ కూచున్నావు."

"అన్నయ్యే చెప్తాడని... తనే చెప్పాలని ఆగాను వదినా."

"ఈలోపు నేను అదే మిషన్లో దానికి మళ్లీ చేసిపెట్టి ఉంటే?"

అద్దాలత్త పొద్దుటి నుంచి అన్నయ్య కాపురం గురించి ఆలోచించింది, తన పరువు గురించి ఆలోచించింది. ఈ ఒక్కటీ ఆలోచించలేదు. పెనం మీద వాఫిల్ మాడుతున్న వాసన వేసింది. వదిన చెయ్యి చాపి పొయ్యి కట్టేసింది.

బయట తలుపు తాళం తిరిగింది.

"మిడతా! ఏం తెచ్చానో చూడు!"

అన్నయ్య చంకలో పెద్ద అట్టపెట్టె ఉంది. చెమటలు పట్టి ఉన్నాడు, కానీ ముఖం వెలిగిపోతోంది. "కొత్త మిషను! హృదయం ఆకారంలో వస్తాయట. ఆ పాతది పారేద్దాం, దాని పని అయిపోయింది."

మిడత నీరసం మరిచిపోయి కుర్చీ దిగింది. పెట్టెని రెండు చేతులతో అందుకుని గుండెలకి హత్తుకుంది.

"నువ్వు మాట్లాడకు," అంది వదిన, పెదవులు కదిలీ కదలకుండా, ఆడపడుచుకి మాత్రమే వినిపించేలా. తర్వాత చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి నడిచింది. అద్దాలత్త వెనకే వెళ్లింది.

"ఏవండీ, ఒక్క మాట అడుగుతాను. ఆ పాత మిషన్లో మీరెప్పుడైనా ఏదైనా చేసుకున్నారా?"

అడిగిన తీరులో కోపం లేదు. మర్చిపోయిన సంగతి ఏదో గుర్తుచేసుకోవడానికి అడిగినట్టుంది. ఒప్పుకోవడానికి అంతకంటే తేలికైన దారి ఎవరూ చూపించలేరు.

అన్నయ్య భార్య ముఖం చూశాడు. ఆమె భుజం మీదుగా చెల్లెలి ముఖం చూశాడు. అద్దాలత్త కళ్లతోనే బతిమాలింది. చెప్పెయ్యి అన్నయ్యా. ఇప్పుడైనా చెప్పెయ్యి. ఆ కళ్లల్లో అతనికి ఏం కనిపించిందో, చెల్లెలు మాట నిలబెట్టుకుందన్న ధైర్యమే వచ్చింది కాబోలు, చిన్నగా నవ్వాడు.

"నేనా? భలేదానివే. నాకు దాని స్విచ్చు ఎక్కడుందో కూడా తెలీదు."



పెట్టె పట్టుకుని నిలబడ్డ మిడత తలెత్తి నాన్న వైపు చూసింది. తను విన్నది సరిగా విన్నదో లేదో అన్నట్టు అమ్మ వైపు చూసింది. మళ్లీ నాన్న వైపు చూసింది. తర్వాత ఆ పెట్టెని మెల్లగా నేల మీద పెట్టేసింది.